నడక పోటీని చూసింది ఎవరు

ఆటల రెండో రోజు

ఈ పుస్తకం చూపరులందరికీ ఇచ్చారు. రోజూ చూసిన ఆట గురించి సొంత చేతిరాతతో నాలుగు ముక్కలు రాయాలట. నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని, తప్పులు పడతాయి బాబూ అంటే జోగారావు గారు, "రాయండి మామ్మగారూ, ఎవరూ చదవరు. పేజీ నిండిందా లేదా అని చూస్తారంతే" అన్నారు. ఆయన మా వార్డుకి చూపుల ఇన్‌ఛార్జి. ఎవరూ చదవరంటే ధైర్యం వచ్చింది. చదవని పుస్తకంలో అబద్ధం దేనికని నిజమే రాస్తున్నాను.

మొదటి నిజం ఏమిటంటే నేను ఆటల కోసం రాలేదు. చల్లగాలి కోసం వచ్చాను.

పొద్దున్న అయిదుకి కుళాయి వచ్చింది. రెండు బిందెలు పట్టాను. నా కూతురు గురివి సముద్రం గోడ మీద పంపుల దగ్గర పని చేస్తుంది. చోడంబలి తాగి ఆరింటి బండికి వెళ్ళిపోయింది. నేను పొయ్యి ఆపి, తలుపు గడియ పెట్టి, మెట్లు దిగి, ఆపానో లేదో అని మళ్ళీ ఎక్కాను. అలా మూడుసార్లు. గిన్నె దించితే దానంతట అదే ఆరిపోయే రకం పొయ్యి అది. "నీకంటే పొయ్యికే బుద్దుందే అమ్మా" అంటుంది గురివి. గిన్నె దించడం మర్చిపోతే అన్నది నా బాధ.

తొమ్మిదికి ఎండ సైరన్ మోగితే సాయంత్రం నాలుగు దాకా బయట ఎవరూ తిరగకూడదు. ఇళ్ళలో చల్లమిషన్ రోజుకి గంటసేపే. ఈ తుఫాను షెల్టర్ రెండో అంతస్తులో మాత్రం చూపరులు కూర్చున్నంతసేపూ ఆడుతుంది. నలభై మందిమి పేర్లు రాయించుకున్నాం. పదకొండు మందిమి వస్తున్నాం. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కుర్చీల్లో నిద్రపోతారు.

నా చిన్నతనంలో ఒలింపిక్స్ వస్తే వీధి మొత్తం ఒక్క టీవీ ముందు కూర్చునేది. ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్ల ఓడిపోయిందని మా అమ్మ ఒకసారి అన్నం మానేసింది. ఇప్పుడు ఎవరింటి గోడే వాళ్ళకి టీవీ, వాళ్ళకి నచ్చిన ఆట తనే అల్లి చూపిస్తుంది. అందులో మనవాళ్ళే గెలుస్తారు, అదీ ఆఖరి నిమిషంలో. నిజం మనుషులు ఆడేదాన్ని మూడు సెకన్లు చూసి వేలితో పక్కకి తోసేస్తున్నారు. అందుకని ఆటల వాళ్ళు ఒక రూలు పెట్టారు. ప్రతి పోటీనీ మొదటి నుంచి చివరి దాకా బతికున్న మనుషులు కొందరు చూడాలి. చూసేవాళ్ళ చేతికి పట్టీ కడతారు. గుండె ఎంత కొట్టుకుంటే అంత ఆసక్తి అని లెక్క. గోడ మీద టీవీ పైన ఒక ఆకుపచ్చ గీత కదులుతూ ఉంటుంది. దాని కింద ఎర్ర గీత కదలదు. ఆకుపచ్చది ఎర్రదాని కిందకి దిగిపోయి ఉండిపోతే ఆ పోటీ ఇక ఆటల్లో ఉండదు. పోయినసారి కత్తిసాము అలాగే పోయింది.

మా గదికి ఆడవాళ్ళ దూరం నడక ఇచ్చారు. లోకం మొత్తం మీద దాన్ని చూసే గదులు మూడే మిగిలాయట.


ఆటల మూడో రోజు

ఈరోజు నడక పోటీ మొదటి మెట్టు. ఇరవై కిలోమీటర్లు. ఇందులో నిలిచినవాళ్ళు పదకొండో రోజు ముప్పై అయిదు నడవాలి.

ఎక్కడో చల్లటి కొండల మధ్య రోడ్డు. రోడ్డుకి రెండు వైపులా కుర్చీలు వేశారు. కుర్చీల్లో ఎవరూ లేరు. ఆడపిల్లలు నడుం తిప్పుకుంటూ వరసగా వస్తున్నారు. పరిగెత్తకూడదట. ఒక పాదం నేల మీద ఆనాకే రెండోది లేవాలి. రెండూ గాల్లో ఉన్నట్టు కనిపిస్తే ఎర్ర చీటీ ఇస్తారు. రెండు మెట్లలోనూ కలిపి మూడు చీట్లు పడితే బయటికి పంపేస్తారు.

మా పక్కింటి దాలమ్మ వదిన నా పక్క కుర్చీ. కాసేపు చూసి, "ఓలమ్మ, ఏటే వొదినా, ఈ గుంటలు సంకలో బిందెట్టుకుని బస్సు కోసం ఎల్తన్నట్టు నడస్తన్నారు" అంది. అందరం నవ్వాం. తర్వాత వాళ్ళందరూ నిద్రపోయారు.

నాకు నిద్ర రాలేదు. పోటీ మొదలైన పది నిమిషాలకి గిన్నె గుర్తొచ్చింది. గిన్నె దించానా? దించినట్టే ఉంది గానీ అది నిన్నటి సంగతేమో. గురివి పంపుల చొక్కా ఉతికి పొయ్యి పైన తీగకి ఆరేశాను. గిన్నె దించకపోతే పొయ్యి ఆరదు. పొయ్యి ఆరకపోతే చొక్కా అంటుకుంటుంది. చొక్కా నుంచి తలుపు, తలుపు నుంచి దాలమ్మ వాళ్ళ గోడ. వాళ్ళింట్లో నడవలేని ముసలాయన ఉన్నాడు. సైరన్ మోగాక షెల్టర్ గేటు తీయరు. ఇక టీవీలో ఏం కనపడిందో నాకే తెలీదు. గంటన్నర సేపు కళ్ళు గోడ మీదే ఉన్నాయి, ఏమీ చూడలేదు.

పోటీ అయ్యాక జోగారావు గారు నా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించారు. "మామ్మగారూ, గంటన్నర సేపు నూట పద్దెనిమిది దగ్గర కొట్టుకుంది మీ గుండె. పైన గీత చూశారా, ఎక్కడుందో?"

నేను చూడలేదు. "బాబూ, గేటు తీస్తారా, ఇంటికెల్లొస్తాను" అన్నాను.

నాలుగింటికి వెళ్ళి చూస్తే గిన్నె కడిగి బోర్లించి ఉంది. చొక్కా ఆరిపోయింది.


ఆటల నాలుగో రోజు

నా పేరు గోడల మీద వేశారు. లోకంలో నడక పోటీని అందరికంటే ఎక్కువ ఆసక్తిగా చూసిన మనిషి, పారమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ళు. నిరుడు పింఛనుకి దిగిన ఫోటో వేశారు. అందులో నోరు తెరుచుకుని ఉన్నాను.

నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు దారిచ్చారు. ముందు పట్టుకో పిన్నీ అన్నారు. నేను బిందె కింద పెట్టి, మా ఇంట్లో నీళ్ళున్నాయని అబద్ధం చెప్పి వచ్చేశాను. గురివి నవ్వి నవ్వి గోడకి ఆనుకుంది. "నడక సూసి నీకు గుండె కొట్టుకుందేటే? నాను పంపులోకి దిగినప్పుడు కూడా అంత కొట్టుకోదు నీకు" అంది. అప్పుడు ఇంకా ఎక్కువే కొట్టుకుంటుందని చెప్పలేదు. చెబితే మిగతాదీ చెప్పాలి.


ఆటల ఆరో రోజు

పొద్దున్నే జోగారావు గారు కబురు పెట్టి పిలిపించారు. గోడ మీద ఒక పిల్ల మొహం ఉంది. నుదురు ఎండకి కమిలి, జుట్టు బిగించి కట్టుకుని ఉంది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. నేను గుర్తు పట్టలేదు. గుర్తు పట్టినట్టు తలూపాను.

"మామ్మా, నువ్వేనా పారమ్మవి?" అంది. మన శ్రీకాకుళం మాటే. పేరు అసిరి అట, పాతపట్నం అవతల కొండ కింద వాళ్ళ ఊరట. ముగ్గురు అప్పచెల్లెళ్ళలో ఒక్కదాన్నే ఈ నడక కోసం చలిదేశం క్యాంపుకి తీసుకెళ్ళారట. ఏడేళ్ళుగా అక్కడే ఉంటోందట.

రోడ్డు పక్కన జనం లేరు కదా, అందుకని నడిచేవాళ్ళ చెవిలో ఒక బొత్తాం పెడతారట. ఎవరు తమని ఎక్కువ ఆసక్తిగా చూస్తున్నారో వాళ్ళ గుండె చప్పుడు అందులోంచి వినిపిస్తుందట. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు.

"ఏడేళ్ళనుంచి నడుస్తన్నాను మామ్మా. నా సెవిలో ఎప్పుడూ గుడ్డలు కుట్టే మిసను నూనె లేక తిరుగుతున్నట్టు సప్పుడొచ్చేది. అరకొరగా. నీ గుండె ఇంటే ఒల్లు జల్లుమంది. నా కోసం ఎవులో సచ్చిపోతన్నట్టు కొట్టుకుంది. దడదడదడ. నువ్వు ఒక్కసారి కొట్టుకుంటే నాను రెండడుగులు ఏశాను. గబగబ ఏసేసి రెండు ఎర్ర సీట్లు తెచ్చుకున్నాను గాని, నిలబడ్డాను. ఆకరి పోటీ కూడా నీ గుండె పట్టుకునే నడుస్తాను."

"మూడో సీటీ పడితే పంపేస్తారు గదమ్మా" అన్నాను.

"పడితే పడనీ. సూసేవోల్లున్నారు గదా."

మొహం గోడ మీంచి పోయింది. జోగారావు గారు నాకు మంచినీళ్ళు ఇచ్చారు. గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ పిల్ల మొహాన్ని నేను చూడటం ఇదే మొదటిసారి. ఆమె నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది.


ఆటల ఏడో రోజు

దాలమ్మ వదినకి చెప్పాను. పొయ్యి సంగతి, గిన్నె సంగతి, చొక్కా సంగతి. అది నోరు నొక్కుకుని నవ్వింది.

"కొట్టుకుంది గదా, సాలు. దేనికి కొట్టుకుందో ఆ పట్టీకేటి తెల్సు? మా ఇంట్లోల్లు నన్ను సూసి నలభై యేల్లు ఊఁ కొట్టారు. ఇన్నారో లేదో నానడిగానేటి?"

"ఆ గుంట నిజమనుకుంటంది వొదినా."

"అనుకోనియ్యి. నీ సొమ్మేటి పోయింది? మనకి సల్లగాలొస్తంది, దానికి ఉత్సాహమొస్తంది."

ఆ మాట కాస్త బాగానే అనిపించింది. అలా అనిపించినందుకు ఇంటికొచ్చాక మరీ సిగ్గేసింది.


ఆటల ఎనిమిదో రోజు

జోగారావు గారి దగ్గరికెళ్ళాను. ఆయన మెట్ల దగ్గర పేర్చిన కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నారు. నా పేరు తీసేయండి బాబూ, నేను చూడలేదు, దిగులుతో గుండె కొట్టుకుంది, అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆయన లెక్క ఆపలేదు. "ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై" అని పూర్తిచేసి, "నాకు తెలుసు మామ్మగారూ" అన్నారు.

నేను నోరు తెరిచాను. ఫోటోలో లాగే ఉండి ఉంటాను.

"పోటీ అయ్యాక మీరు గేటు తీయమన్నారు. ఎవరు గెలిచారని అడగలేదు. అప్పుడే తెలిసింది." ఆయన నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. "నిన్న రెండో గది మూసేశారు. మూడో గదిలో నలుగురున్నారు, ఇద్దరు జ్వరంతో. మీ దడ మీదే ఈ పోటీ నిలబడింది. నడక పోతే క్యాంపు మూసేస్తారు. ఆ పిల్ల ఇంటికొచ్చేస్తుంది. ఏడేళ్ళు నడక తప్ప ఇంకేం నేర్చుకోలేదు ఆమె."

"మరి నన్నేటి సెయ్యమంటారు?"

"దిగులు పడండి. మీకది కష్టమేం కాదు కదా."

ఎగతాళి చేయలేదు. ఆయన గొంతులోనూ సిగ్గే ఉంది. మా నాన్న కూడా అప్పులవాళ్ళకి పడవ అప్పగించేటప్పుడు ఇలాగే నేల చూసి మాట్లాడాడు. సముద్రం మా పాత ఊరిని తినేసినప్పటి సంగతి. ఆ రోజు నుంచే నాకీ దడ. ఆ దడ ఎవరికైనా పనికొస్తుందని కలలో కూడా అనుకోలేదు. పనికొచ్చిన తీరు ఇలా ఉంది.


ఆటల పదో రోజు

ఆఖరి పోటీకి ముందు నడిచేవాళ్ళు వాళ్ళ చూపరితో అయిదు నిమిషాలు మాట్లాడుకోవచ్చట. జోగారావు గారు గోడ వెలిగించి కిందకి వెళ్ళారు.

"మామ్మా, రేపు నిద్దరోకు" అంది అసిరి నవ్వుతూ.

"అమ్మా, నీకో మాట సెప్పాలి. కోప్పడకు."

"సెప్పు."

"మొన్న నా గుండె కొట్టుకున్నది నీ కోసం కాదు తల్లీ. పొయ్యి మీద గిన్నె దించానో లేదో అని. మా గురివి సొక్కా అంటుకుంటాదేమోనని. నాను నిన్ను సూళ్లేదు."

ఆ పిల్ల నవ్వు వెంటనే పోలేదు. మొహం మీద అలా ఉండిపోయి, నెమ్మదిగా పోయింది.

"గంటన్నరా?"

"గంటన్నరా."

"మరి ఆ గదిలో మిగతావోల్లు?"

"నిద్దరోయారు."

"మూసేసిన గది?"

"నాకు తెలీదమ్మా. ఆల్లూ మాలాటోల్లే అనుకుంటాను."

ఆమె కాసేపు తన చేతి గోళ్ళు చూసుకుంది. కోపంగా అడిగినా బాగుండేది. బడిలో లెక్క అర్థం కాని పిల్లలా అడిగింది.

"మరైతే ఎవులు సూసారు మామ్మా?"

నేను నేల చూశాను. డెబ్బై ఒక్క ఏళ్ళలో ఎన్నో వాటికి తల దించుకున్నాను. అప్పులవాళ్ళ ముందు, అత్తగారి ముందు, పునరావాసం ఆఫీసులో. అవన్నీ ఎవరో దించిన తల. ఇది నేను దించుకున్నది.

"రేపు సెవిలో బొత్తాం తీసెయ్యి తల్లీ" అన్నాను. "నా దడ పట్టుకుని నడిస్తే మూడో సీటీ పడతాది."

"తీసేస్తే ఏటీ ఇనబడదు గదా. నా కాల్ల సప్పుడే. ముప్పై అయిదు కిలోమీటర్లు." ముక్కు ఎగబీల్చింది. "ఉంచుకుంటాను. నా కోసం కాపోయినా మనిసి సప్పుడే గదా."


ఆటల పదకొండో రోజు

దీన్ని గబగబా రాస్తున్నాను. అక్షరాలు కుదరకపోతే ఏమీ అనుకోకండి, ఎవరూ చదవరు గానీ.

తొమ్మిదిన్నరకి పోటీ మొదలైంది. నన్ను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. గీత బాగా పైన ఉంది. ఎందుకుండదు? మూడో చీటీ పడుతుందేమోనని నాకు ఒళ్ళంతా చెమట. ఆ పిల్ల పాదాలు నేల విడుస్తాయేమోనని పాదాలే చూస్తున్నాను. నల్ల బూట్లు. ఎడమ మడమ ఆనింది, కుడి లేచింది. కుడి మడమ ఆనింది, ఎడమ లేచింది. ఇప్పుడు విడుస్తుందేమో అనుకుంటాను, విడవదు. ఈసారి విడుస్తుంది అనుకుంటాను, విడవదు. మొదట్లో నా దడకి తగ్గట్టు గబగబ వేసింది. ఏడో కిలోమీటరు దగ్గర చీటీ పట్టుకున్న మనిషి వంగి చూశాడు. అప్పుడు ఆమె భుజాలు కొంచెం దింపింది. అడుగు తగ్గించింది. నా గుండెని వదిలేసి తన నడక తను పట్టుకుంది.

అక్కడి నుంచి ఎలా చెప్పాలో తెలియడం లేదు. మా అమ్మ రోకలి వేస్తుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని. ఏమీ జరిగేది కాదు. రోకలి లేచేది, పడేది. లేచి వెళ్ళాలనిపించేది కాదు. ఇదీ అలాగే ఉంది. మధ్యలో వాళ్ళు మలుపు తిరుగుతారు, నీళ్ళు తాగుతారు, ఒకరిని ఒకరు దాటుతారు. నేను చూస్తూ ఉన్నాను. పొయ్యి ఉందన్న సంగతే గుర్తు లేదు.

జోగారావు గారు వచ్చి నా కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నారు.

"మామ్మగారూ, గీత దిగుతోంది. మీది ఎనభై రెండుకి వచ్చేసింది."

"ఊఁ."

"ఈరోజు పొయ్యి మీంచి గిన్నె దించారా?"

"ఏమో బాబూ."

"తలుపు గడియ?"

"పెట్టే ఉంటాను."

"గురివి గారు ఈరోజు పంపుల్లోకి దిగుతున్నారా? సముద్రం బాగా లేదంటున్నారు."

"దానికి ఈతొచ్చు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది.

ఆయన లేచి అందరినీ కుదిపి లేపారు. దాలమ్మ వదిన కళ్ళు నులుముకుని గీత చూసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని కుర్చీ పక్కన గెంతడం మొదలుపెట్టింది. "కూచోండి దాలమ్మగారూ, గెంతితే పట్టీ కనిపెట్టేస్తుంది, లెక్కలోకి తీసుకోదు" అన్నారు జోగారావు గారు. అది ఆయాసపడుతూ నా భుజం పట్టుకుంది. "ఓలే వొదినా, భయపడే. నీకు దండమెడతాను. ఎప్పుడూ పడతావు గదే, ఒక్క గంట పడలేవేటే?"

నేను ప్రయత్నించాను. నిజంగా ప్రయత్నించాను. ఇల్లు కాలిపోయినట్టు అనుకున్నాను. గురివి నీళ్ళలో పడినట్టు అనుకున్నాను, ఆ పాపం నాదే. కానీ అదే సమయానికి అసిరి ఒక మనిషిని దాటుతోంది. కళ్ళు అటు పోయాయి. దాటేదాకా మిగతావేవీ నా తలలోకి రాలేదు.

ఇరవై రెండో కిలోమీటరు దగ్గర ఆకుపచ్చ గీత ఎర్రదాని కిందకి దిగింది. మళ్ళీ పైకి రాలేదు. అది నాకు పోటీ అయ్యాక చెప్పారు. అసిరి ఏడో స్థానంలో వచ్చింది. ఈసారి ఒక్క చీటీ కూడా పడలేదు. ముగింపు గీత దాటాక రోడ్డు మీద కూర్చుని చెవిలో బొత్తాం తీసి, అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత తల ఎత్తి ఖాళీ కుర్చీల వైపు చూసింది.

అప్పుడు నాకు గుండె దడదడమని మొదలైంది. జోగారావు గారు పట్టీ విప్పేస్తూ, "ఇప్పుడెందుకు మామ్మగారూ" అన్నారు.


ఆటల పన్నెండో రోజు

నడక పోటీ తీసేశారు. మా గది మూడు రోజుల్లో మూసేస్తారు. చల్లమిషన్ వేరే వార్డుకి వెళుతుంది. ఈరోజు వచ్చిన పది మందీ నాతో మాట్లాడలేదు. దాలమ్మ వదిన కుర్చీ జరుపుకుని కూర్చుంది. వాళ్ళింట్లో ముసలాయనకి కూడా సాయంత్రం కాసేపు ఈ గదిలో కూర్చునే అనుమతి తెచ్చుకుంది. అదీ పోయింది.

జోగారావు గారు ఒక కాగితం తెచ్చారు. ఆసక్తి కోల్పోయిన చూపరి పేరు అన్నచోట నా పేరుంది. కారణం అన్నచోట ఖాళీ ఉంది.

"ఏం రాయమంటారు?"

"సూసాను అని రాయండి. నిన్ననే సూసాను. గుండె తగ్గింది అందుకే."

ఆయన కలం ఎత్తి పట్టుకున్నారు. "అలా రాస్తే తిప్పి పంపేస్తారు మామ్మగారూ. అలాగైతే మూడో రోజు గుండె ఎందుకు పెరిగిందో దానికీ మీరు జవాబు చెప్పాలి."

అప్పుడు వయసు అని రాశారు. నేను సంతకం పెట్టాను. అబద్ధపు దడకి గోడల మీద ఫోటో వేశారు. నిజంగా చూసినదానికి ఇది. ఎవరినీ తప్పు పట్టను. మొదటి రోజే నోరు తెరిచి చెప్పి ఉంటే, నిజంగా చూసేవాళ్ళని ఎక్కడైనా వెతుక్కునేవాళ్ళేమో.


ఆటల పద్నాలుగో రోజు

ముగింపు పండగని ఎవరూ చూడటం లేదు. గదిలో నేనూ జోగారావు గారూ ఉన్నాం. ఆయన కుర్చీలు మడత పెడుతున్నారు. గోడ వెలిగింది. అసిరి. వెనకాల సంచులు కట్టి ఉన్నాయి.

"రేపు బయల్దేరుతున్నాం మామ్మా. క్యాంపు మూసేసారు."

"తెలుసమ్మా. నా వల్లే."

"సెప్పారు." సంచి ముడి బిగించింది. "ఇరవై రెండో కిలోమీటరు కాడ నీ గుండె తగ్గిపోనాది. నిద్దరోయావేటి?"

"లేదు."

"లేసెల్లిపోనావా?"

"లేదమ్మా. సూస్తన్నాను."

నవ్వింది. నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? మొదటిసారి కూడా ఆమెని చూసినట్టు తలూపినదాన్నే నేను. గోడ ఆరిపోతుందేమోనని భయమేసి గబగబ చెప్పేశాను.

"ఇరవై రెండు కాడ నీ కాలు ముందున్న పొడుగాటామె మడమకి తగిలింది. నువ్వు నడక ఆపకుండానే ఆవిడ బుజం తాకి, ఆ సెయ్యి కల్లకద్దుకున్నావు. ఆవిడకి అర్తం కాలేదు. నువ్వు తన్నేవనుకుని ఎనక్కి సూసింది."

అసిరి సంచి వదిలేసింది.

"అది టీవీలో పడిందేటి?"

"మూలకి పడింది. ఒక్క చనం."

"నానే మర్సిపోనాను అది." ఆమె నేల మీద సంచి పక్కన చతికిలబడింది. మొహం నాకు దగ్గరగా వచ్చింది. "అద్దుకున్నానా? పోటీలోనా?"

"అద్దుకున్నావు. తరవాత ఇరవై నాలుగు కాడ నీల్లు తీసుకుని తాగకుండా మెడ మీద పోసుకున్నావు. నీలం సొక్కా పిల్ల నిన్ను దాటింది. నువ్వు దాన్ని సూళ్లేదు, రోడ్డు సూసావు. మల్లీ ఇరవై ఆరు కాడ దాన్ని నువ్వు దాటేసావు. అప్పుడు నీ పెదాలు కదిలాయి. ఏటన్నావో మరి."

"మా అప్పకి సెప్పినట్టు సెప్పుకున్నాను. దాటేసానే అప్పా అని."

జోగారావు గారు కుర్చీలు మడత పెట్టడం ఆపారు. అయిదు నిమిషాల గంట మోగింది. ఆయన గోడ దగ్గరికి వెళ్ళి ఏదో నొక్కారు. గోడ ఆరలేదు.

ముప్పై ఒకటి దాకా చెప్పి నేనాగాను. సిగ్గేసింది. పోటీని పోగొట్టినదాన్ని, నడిచిన పిల్లకే నడక గురించి చెబుతున్నాను.

"ఆపకు మామ్మా" అంది. "నానేటీ సూళ్లేదు అక్కడ. ముందున్న మనిసి ఈపు తప్ప నాకేటీ కనపళ్లేదు. ఎలగ నడిసానో ఎవులూ సెప్పలేదు నాకు. సెప్పు, ముప్పై రెండు కాడ ఏటి సేసాను?"

చెప్పాను. ఒక్క అడుగు వదలకుండా, ఆమె నడిచినంత నెమ్మదిగా చెప్పాను.